సముద్రం కుళ్లబెట్టలేని చెప్పు



ఈ నెల పాఠం నా పొరపాటుతోనే మొదలుపెడతాను. కిందటి టర్మ్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు వరుసగా మూడో రోజు కూడా నోట్‌బుక్ తేకుండా వచ్చాడు. నాకు కోపం వచ్చింది. "ఇట్లే ఉంటే రేపు చెప్పులు కుట్టుకోవాల్సిందే" అనేశాను. చిన్నప్పుడు నేను పుస్తకం ముట్టకపోతే మా అవ్వ అనే మాట అది. ఆలోచించకుండా నా నోట్లోంచి వచ్చేసింది. క్లాసంతా నవ్వింది.

ఇంటర్వెల్‌లో ముందు బెంచీ అమ్మాయి ఒకతి నా దగ్గరికి వచ్చి, "మేడమ్, మీకు చెప్పు కుట్టడం వచ్చా?" అని అడిగింది. రాదన్నాను. "మరి ఇంత చదివిన మీకే రాకపోతే, చదువు రానివాళ్లకు ఎట్లొస్తుంది మేడమ్?" అంది. ఎగతాళిగా అడగలేదు, నిజంగానే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

ఆ వారమే సూక్ష్మజీవుల పాఠం చెప్పాల్సి ఉంది. వస్తువులు ఎందుకు కుళ్లుతాయి, కొన్ని ఎందుకు కుళ్లవు అని ఉదాహరణలు వెతుకుతుంటే, మునిగిపోయిన ఓడల్లో దొరికిన చెప్పుల సంగతి కనబడింది. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. క్లాసులో చెప్పిన ఆ పాఠాన్నే ఇక్కడ మీకోసం రాస్తున్నాను. సాయంత్రం మీ పిల్లలతో కలిసి చదవండి.

మూడు ఓడల కథ

మొదటిది మేరీ రోజ్. ఇంగ్లాండ్ రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక. 1545 జూలై 19న పోర్ట్స్‌మౌత్ రేవు దగ్గర యుద్ధం మధ్యలోనే మునిగిపోయింది. అందులో సుమారు 500 మంది ఉంటే, ప్రాణాలతో బయటపడ్డవాళ్లు 35 మందికి మించరు. ఓడ ఒక పక్కకు ఒరిగి మెత్తటి బురదలో కూరుకుపోయింది. బురద కప్పిన భాగం నిలిచింది, పైకి తేలి ఉన్న భాగాన్ని సముద్రం తినేసింది. 437 ఏళ్ల తర్వాత, 1982 అక్టోబర్ 11న, మిగిలిన ఆ సగం ఓడను పైకి ఎత్తారు. దానితోపాటు 19,000కు పైగా వస్తువులు దొరికాయి. వాటిలో తోలు బూట్లు, చెప్పులు వందలకొద్దీ ఉన్నాయి. తోలు కోట్లు, తోలు బకెట్లు కూడా ఉన్నాయి.

రెండోది మెట్టా కాతరీనా. ఇది చిన్న డెన్మార్క్ సరుకు ఓడ. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జనపనార, తోళ్ల కట్టలు ఎక్కించుకుని ఇటలీలోని జెనోవాకు బయలుదేరింది. 1786 డిసెంబర్‌లో తుఫాను నుంచి తప్పించుకుందామని ఇంగ్లాండ్‌లోని ప్లిమత్ రేవులోకి వచ్చి, అక్కడే మునిగింది. 1973లో ఈతగాళ్లకు అది కనబడింది. నల్లటి బురదలో చుట్టలు చుట్టలుగా రెయిన్‌డీర్ తోళ్లు. పై చుట్టలు పాడైనా లోపలివి బాగానే ఉన్నాయి. ఎంత బాగున్నాయంటే, వాటిని కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి కొత్తగా బూట్లు, బ్యాగులు కుట్టి అమ్మారు. దాదాపు 200 ఏళ్లు సముద్రంలో ఉన్న తోలుతో కుట్టిన బూట్లు వేసుకుని మనుషులు రోడ్డు మీద నడిచారు.

మూడోది మీ అందరికీ తెలిసిన టైటానిక్. 1912 ఏప్రిల్ 15న మునిగింది. సుమారు 1,500 మంది చనిపోయారు. 1985 సెప్టెంబర్ 1న, దాదాపు 3,800 మీటర్ల లోతున దాని జాడ దొరికింది. అక్కడ ఇసుక మీద బూట్లు జతలు జతలుగా పక్కపక్కనే పడి ఉండటం కెమెరాల్లో కనిపించింది. చుట్టుపక్కల ఎముక ముక్క కూడా లేదు. అంత లోతున ఉండే నీళ్లలో ఎముకల్లోని కాల్షియం కరిగిపోతుంది. బట్టలను, శరీరాన్ని సముద్రజీవులు తినేస్తాయి. బూట్లు మాత్రం మిగిలాయి. టైటానిక్ దగ్గర దొరికిన తోలు సంచుల్లో కాగితాలు కూడా చెడిపోకుండా ఉన్నాయి. తోలు తాను నిలవడమే కాదు, లోపల ఉన్నదాన్ని కూడా కాపాడింది.

ఇక్కడ ఆగి పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి. చచ్చిన గొడ్డు చర్మాన్ని పొలం గట్టున పడేస్తే వారం తిరిగేసరికి కంపు కొడుతుంది. అదే చర్మం చెప్పుగా మారాక సముద్రంలో 400 ఏళ్లు ఎలా నిలిచింది? మధ్యలో ఏం జరిగింది?

జవాబు మన నాలుక మీదే ఉంది

చర్మం ఎక్కువభాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్. మూడు పోగులు పెనవేసిన తాడులాంటిది. తడిగా వదిలేస్తే బ్యాక్టీరియా తమ ఎంజైములతో ఆ తాడును ముక్కలు చేసి తింటాయి. నీళ్లలో ఉడికిస్తే పెనవేత ఊడిపోయి జెలటిన్ అవుతుంది. పిల్లలు తినే జెల్లీలలో ఉండేది అదే. అంటే పచ్చి తోలు ఒకరకంగా ఆహారమే. ఎండబెడితే కట్టెలా బిగుస్తుంది, తడిస్తే మళ్లీ కుళ్లుతుంది.

దాన్ని చెప్పు తోలుగా మార్చే పనిని పుస్తకాల్లో చర్మశుద్ధి అంటారు. మన ఊళ్లలో తోలు పదును చేయడం అంటారు. పాత పద్ధతి ఇది. తోలును ముందు సున్నం గుంటలో నానబెట్టి వెంట్రుకలు, కొవ్వు గీకేస్తారు. బాగా కడుగుతారు. తర్వాత చెట్టు బెరడు దంచి నానబెట్టిన నీళ్లలో వారాలు, మందపాటి తోలైతే నెలలు కూడా ఉంచుతారు. మొదట పల్చటి నీళ్లు, తర్వాత చిక్కటి నీళ్లు. తొందరపడి మొదటే చిక్కటి నీళ్లలో వేస్తే పైపొర బిగిసిపోయి లోపలికి రసం దిగదు.

ఆ బెరడులో ఉండేవి టానిన్లు. వాటి రుచి మీకు తెలుసు. జామ పిందె కొరికితే, నేరేడు పండు తింటే నాలుక పట్టేసినట్టు ఉంటుందే, ఆ వగరే టానిన్. ఉగాది పచ్చడిలోని ఆరు రుచుల్లో వగరు కూడా ఒకటి. మన లాలాజలంలో ప్రొటీన్లు ఉంటాయి కాబట్టే నోరు జారుడుగా ఉంటుంది. టానిన్ ఆ ప్రొటీన్లను పట్టుకుని గట్టిపరుస్తుంది. అందుకే నోరు ఆరిపోయినట్టు అనిపిస్తుంది.

గుంటలో తోలుకు జరిగేది కూడా ఇదే. టానిన్లు కొల్లాజెన్ పోగుల మధ్యకు దూరి, ఒకదాన్ని ఇంకోదానితో కట్టిపడేస్తాయి. ఇక బ్యాక్టీరియా ఎంజైములకు కొరికే చోటు దొరకదు. పచ్చి తోలును నీళ్లలో వేడి చేస్తే సుమారు 60–65 డిగ్రీల దగ్గరే ముడుచుకుపోతుంది. బెరడుతో పదును చేసిన తోలు 70–85 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

మెట్టా కాతరీనా తోళ్లను విల్లో చెట్టు బెరడుతో పదును చేసి, బర్చ్ చెట్టు నూనె పట్టించారు. ఆ పని చేసిన రష్యా పనివాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ల పని ఎంత పక్కాగా ఉందో చెప్పడానికి ఆ తోళ్లే సాక్ష్యం.

పిల్లలకు ఇంకో కారణం కూడా చెప్పండి. బురద. మెత్తటి బురద లోపలికి ఆక్సిజన్ దాదాపు చేరదు. ఆక్సిజన్ కావాల్సిన బ్యాక్టీరియా, చెక్కను తొలిచే పురుగులు అక్కడ బతకలేవు. టానిన్, బురద రెండూ కలిసి తోలును కాపాడాయి. అదే మేరీ రోజ్‌లో నార బట్టలు చాలావరకు పోయాయి. నారలో ఉండేది ప్రొటీన్ కాదు, సెల్యులోజ్. దాన్ని కాపాడే టానిన్ కట్టు అక్కడ లేదు.

కుట్టు పోయినా కన్నం చెబుతుంది

నార పోయిందంటే కుట్టిన దారం కూడా పోయినట్టే. అందుకే ఓడల్లో దొరికే బూట్లు చాలావరకు విడివిడి ముక్కలుగా దొరుకుతాయి. అడుగు ఒకచోట, పైభాగం ఒకచోట. పరిశోధకులు అప్పుడు చూసేది ఆరె గుచ్చిన కన్నాలను. కన్నాల మధ్య దూరం ఎంత, అవి నిలువుగా దిగాయా, ఏటవాలుగా దిగాయా, అంచు నుంచి బయటికి వచ్చాయా అని చూసి, ఆ బూటును ఏ పద్ధతిలో కుట్టారో తేలుస్తారు. లోపలి వైపు బయటికి పెట్టి కుట్టి తర్వాత తిరగేసినదా, లేక చుట్టూ తోలు పట్టీ వేసి దానికి అడుగు కుట్టినదా అన్నది ఆ కన్నాలే చెబుతాయి.

తర్వాత అరుగుదల. మడమ ఒక పక్కే అరిగి ఉంటే ఆ మనిషి నడక తెలుస్తుంది. బొటనవేలి దగ్గర తోలు ఉబ్బి ఉంటే పాదానికి ఉన్న బాధ తెలుస్తుంది. అడుగుకు అతుకు మీద అతుకు వేసి ఉంటే, అతని దగ్గర కొత్త జత కొనే డబ్బు లేదని ఊహించవచ్చు. రాజు పేరు, సేనాపతి పేరు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. తెడ్డు వేసినవాడు, వంట చేసినవాడు, ఫిరంగిలో మందు కూరినవాడు ఎక్కడా రాసి లేరు. వాళ్ల గురించి చెప్పడానికి చాలాసార్లు చెప్పులే మిగిలాయి.

ఇందులో మన తంగేడు ఎక్కడుంది?

ఇప్పటిదాకా ఇంగ్లాండ్, రష్యా అన్నాను. ఇప్పుడు మన గట్ల మీదికి వద్దాం. చంద్రగిరి వైపు వెళ్లినా, పలమనేరు రోడ్డులో వెళ్లినా రాళ్ల మధ్య, చెరువు కట్టల మీద పసుపు పూలతో కనిపించే పొద తంగేడు. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే పువ్వు ఇదే. అక్కడ రాష్ట్ర పుష్పం కూడా. తమిళంలో ఆవారం అంటారు. దీని బెరడులో టానిన్ పుష్కలంగా ఉంటుంది. రష్యా వాళ్లకు విల్లో ఎలాగో, దక్షిణ భారతంలో తోలు పని చేసేవాళ్లకు తంగేడు చెక్క అలాగ. దానికి తోడు కరక్కాయ.

బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లు ఓడలెక్కి లండన్ మార్కెట్‌కు పోయేవి. 'ఈస్ట్ ఇండియా కిప్స్' అని వాటికి అక్కడ ప్రత్యేకంగా పేరుండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగాలకు ఈ తోలు వాడారు. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి ఈ పనికి పెద్ద కేంద్రాలు. ఇవి అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మన చిత్తూరు కూడా ఆ జిల్లాలోనే ఉండేది.

1903లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజినీరు మద్రాసులో క్రోమ్ పద్ధతిని ప్రయోగించారు. ఇందులో బెరడు బదులు క్రోమియం లవణాలు వాడతారు. తోలు నీలంగా అవుతుంది, దాన్ని 'వెట్ బ్లూ' అంటారు. వారాలు పట్టే పని ఒకటి రెండు రోజుల్లో అవుతుంది. మరుగుతున్న నీటి వేడిని కూడా తట్టుకుంటుంది. ఈ రోజు మీ పిల్లలు వేసుకునే తోలు షూ చాలావరకు ఈ పద్ధతిదే.

దీనికి మనం కట్టిన ధర కూడా పిల్లలకు చెప్పాలి. మన కుప్పం వైపు నుంచి తమిళనాడులోకి పారే పాలారు నది, వేలూరు ప్రాంతంలో తోళ్ల ఫ్యాక్టరీల మురుగుతో చెడిపోయింది. బావుల్లో నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి. దీని మీద 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన దేశ పర్యావరణ చట్టంలో మైలురాయి. పాడు చేసినవాళ్లే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని అది స్థిరపరిచింది. పై తరగతుల్లో సివిక్స్ చదివే పిల్లలకు ఇది మంచి ప్రాజెక్ట్ అవుతుంది.

తోలు చదివిన తెలుగు శాస్త్రవేత్త

క్లాసులో ఇక్కడికి వచ్చేసరికి ఒక పిల్లాడు, "తోలు గురించి కూడా కాలేజీలో చదువుతారా మేడమ్?" అన్నాడు. చదువుతారు. అలా చదివి దేశంలోనే పెద్ద పదవికి చేరిన మనిషి మన తెలుగువారే.

డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారు 1922లో తెనాలి దగ్గర యలవర్రు అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. తోలు పనిని తక్కువగా చూసే ఆ రోజుల్లో ఆయన ఏరికోరి తోలు రసాయనశాస్త్రాన్నే ఎంచుకున్నారు. మద్రాసు అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948లో మొదలైంది. 1958 నుంచి 1971 వరకు నాయుడమ్మ గారు దానికి డైరెక్టర్. ల్యాబ్‌లో తేలిన విషయం పల్లెలో తోలు పని చేసేవాడికి చేరాలన్నది ఆయన పట్టుదల. 1971లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది దేశంలో ఎన్నో శాస్త్ర పరిశోధన సంస్థలను నడిపే సీఎస్‌ఐఆర్‌కు డైరెక్టర్ జనరల్ అయ్యారు. తర్వాత ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు.

1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు పేలి ఐర్లాండ్ తీరానికి దూరంగా అట్లాంటిక్ సముద్రంలో పడిపోయింది. అందులో ఉన్న 329 మందీ చనిపోయారు. వారిలో నాయుడమ్మ గారు ఒకరు. రెండు నెలలు దాటాక, సెప్టెంబర్‌లో, అదే అట్లాంటిక్ అడుగున టైటానిక్ దొరికింది. తోలు బూట్లు 70 ఏళ్లకు పైగా ఎందుకు నిలిచాయో వివరంగా చెప్పగల మనిషి అప్పటికి లేరు. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసు చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది.

బయటికి తీయడమే అసలు ప్రమాదం

సముద్రంలో 400 ఏళ్లు నిలిచిన బూటును పైకి తెచ్చి ఎండలో పెడితే కొద్ది రోజుల్లోనే పాడైపోతుంది. పిల్లలకు ఇది నమ్మశక్యంగా ఉండదు. కారణం చెప్పండి. ఇన్నేళ్లలో తోలులోని నూనెలు, కొంత టానిన్ నీళ్లలోకి పోయి ఉంటాయి. పోగుల మధ్య ఖాళీల్లో ఇప్పుడు నీళ్లే ఉన్నాయి. నీళ్లు ఆరేటప్పుడు పోగులను దగ్గరికి లాగేస్తాయి. తోలు ముడుచుకుని, గట్టిపడి, పగిలిపోతుంది. నీళ్లలోని ఉప్పు గడ్డకట్టి లోపలి నుంచి చీలుస్తుంది.

అందుకే దొరికిన వెంటనే తడిగానే ఉంచుతారు. మంచినీళ్లు పదేపదే మారుస్తూ ఉప్పు తీస్తారు. ఫిరంగులు, మేకుల తుప్పు తోలులోకి దిగి ఉంటే సిట్రేట్ వంటి రసాయనాలతో ఆ ఇనుమును బయటికి లాగుతారు. తర్వాత నీళ్ల స్థానంలో గ్లిజరిన్ గానీ, పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థం గానీ ఎక్కిస్తారు. చివరికి గడ్డకట్టించి, గాలి తీసేసిన పెట్టెలో ఉంచుతారు. అక్కడ మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. నీరుగా మారదు కాబట్టి పోగులను లాగదు. ఘనపదార్థం నేరుగా వాయువు కావడాన్ని ఉత్పతనం అంటారని పిల్లలు కర్పూరం ఉదాహరణతో చదువుకునే ఉంటారు. ఇక్కడ అదే సూత్రం.

ఇంట్లో చేయించండి

ఈ ఆదివారం ఒక గంట కేటాయిస్తే చాలు. డికాక్షన్ వేడిగా ఉన్నప్పుడు పెద్దవాళ్లు దగ్గర ఉండాలి. ప్రయోగం చేసినవేవీ తాగకూడదు, తినకూడదు.

1. వగరు పరీక్ష. ఇది వంటింటిది, తినొచ్చు. జామ పిందె ఒక ముక్క నమిలి, నాలుకతో పై అంగిలిని రాయమనండి. గరుకుగా తగిలిందా? అది టానిన్ ప్రొటీన్‌ను పట్టుకున్న గుర్తు.

2. గుంటలో ఏం జరుగుతుంది? ఒక గుడ్డు తెల్లసొనను గ్లాసు చల్లటి నీళ్లలో కలిపి, పల్చటి గుడ్డతో వడకట్టి, రెండు గ్లాసుల్లో పోయండి. పాలు, పంచదార లేని చిక్కటి టీ డికాక్షన్ చల్లార్చి ఒక గ్లాసులో కొంచెం కొంచెంగా పోయండి. రెండోదానిలో అంతే మంచినీళ్లు పోయండి. కాసేపటికి మొదటి గ్లాసు మబ్బుపట్టి, తునకలు అడుగుకు చేరతాయి. టీలోని టానిన్ తెల్లసొన ప్రొటీన్‌ను కట్టిపడేసింది. ఇంట్లో గుడ్డు వాడనివాళ్లు మూడోది చేయండి.

3. తుప్పు మరక. టీ డికాక్షన్‌లో తుప్పుపట్టిన మేకు వేసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి నల్లగా ఉంటుంది. ఇనుము, టానిన్ కలిస్తే నలుపు. ఓడల్లో దొరికిన తోలు నల్లబడటానికి ఇదొక కారణం. ఇప్పుడు దాన్ని రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో నిమ్మకాయ పిండండి. నలుపు తగ్గుతుంది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును లాగేసుకుంటుంది. మ్యూజియంలో సిట్రేట్‌తో చేసే పని దాదాపు ఇదే.

4. చెప్పు చదవండి. ఇంట్లో అందరి పాత చెప్పులు తిరగేసి వరుసగా పెట్టండి. ఎవరిది మడమ అరిగింది, ఎవరిది ముందు అరిగింది, ఎవరిది ఒక పక్కే అరిగింది? తాతగారి చెప్పు, అమ్మ చెప్పు, స్కూల్ షూ ఏం చెబుతున్నాయి? అయిదు వాక్యాలు రాయించండి. ఇంగ్లిష్‌లోనైనా సరే, తెలుగులోనైనా సరే. నాకు పంపితే క్లాసు గోడ మీద పెడతాను.

పెద్ద తరగతుల పిల్లల తల్లిదండ్రులకు

ఇంజినీరింగ్ అంటే కంప్యూటర్లే కాదు. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో లెదర్ టెక్నాలజీలో బీటెక్ ఉంది. ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌కు హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. 2022లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాలోకి వచ్చిన తడ ప్రాంతంలో ప్రపంచమంతా వేసుకునే స్పోర్ట్స్ షూలు తయారవుతున్నాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు వేల సంఖ్యలో అక్కడ పనికి వెళ్తున్నారు. కెమిస్ట్రీ అంటే ఇష్టం ఉన్న పిల్లలకు పాత తోలును కాపాడే మ్యూజియం పని కూడా ఒక చదువే అని చెప్పండి.

చివరగా ఒక మనవి

అలిపిరి నుంచి నడిచి కొండెక్కే ముందు పాదాల మండపం దగ్గర మనమందరం ఆగుతాం. స్వామివారి పాదరక్షలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తాం. స్వామి రోజూ కొండ దిగి తిరుచానూరుకు నడిచి వెళ్లడం వల్ల చెప్పులు అరిగిపోతాయని, ఆయనకు కొత్త జత కుట్టి సమర్పించే భాగ్యం చెప్పులు కుట్టే భక్తులదని మన పెద్దలు చెప్పే కథ మీరు వినే ఉంటారు. దేవుడి చెప్పును నెత్తిన పెట్టుకునే ఊరు మనది. అదే చెప్పు కుట్టే మనిషిని ఎన్నో తరాలు ఊరి చివర ఉంచినదీ మనమే. అతని పనిని పిల్లలకు శాపంగా వాడుతున్నదీ మనమే. అందులో నేనూ ఉన్నాను.

మరుసటి వారం నేను క్లాసులో ఆ అబ్బాయికి సారీ చెప్పాను. ప్రశ్న అడిగిన అమ్మాయికి కూడా జవాబు చెప్పాను. చెప్పు కుట్టడం చదువు రానివాళ్లు చేసే పని కాదు, అదే ఒక చదువు. ఏ తోలుకు ఏ చెక్క, ఎన్ని రోజులు, ఆరె ఎంత ఏటవాలుగా దిగాలి అన్నది చేతితో నేర్చుకునే విద్య. దానికి పరీక్ష పెట్టింది సముద్రం. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ పని పాసయ్యింది.

ఈసారి మీ పిల్లల షూ అడుగు ఊడితే వెంటనే కొత్తది కొనకండి. వాళ్లను వెంటబెట్టుకుని బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లండి. పేరు అడిగి, ఆ పేరుతో గారు చేర్చి పిలవమనండి. ఆయన ఆరె ఎలా పట్టుకుంటారో, దారానికి మైనం ఎందుకు రాస్తారో పిల్లల్నే అడగనివ్వండి. ఆయన చెప్పిన జవాబు మరుసటి రోజు నాకు కూడా చెప్పమనండి. నేనూ నేర్చుకుంటాను.

ఇట్లు,
మీ పిల్లల సైన్స్ టీచర్